ఎర్రని వేళ్ళు

పదేళ్ళ కిందట భవానీపురంలో మా పొరుగింటి శౌరమ్మగారు, బందరు వైపు మబ్బుకు పైన ఎర్రని వేళ్ళు వేలాడుతూ మెరిశాయని చెప్పారు. ఫిజిక్సు లెక్చరర్‌నైన నేను నలుగురిలో నవ్వి, "కళ్ళద్దాలు మార్చుకోండమ్మా" అన్నాను. ఆనాటి నుంచి ఆమె ఏం చెప్పినా, "కళ్ళద్దాలతోనే చూశారా?" అని వీధంతా ఆటపట్టించింది. చివరికి ఆమె ఏదీ చెప్పడమే మానేశారు.

నిన్న ఆమె మనవరాలు క్రిస్టినా మేడ మీద తీసిన వీడియోలో అవే వేళ్ళు కనిపించాయి. వాటిని స్ప్రైట్లంటారు. దూరాన పెద్ద పిడుగు పడినప్పుడు, మబ్బులకు ఎంతో ఎత్తున రెప్పపాటు కన్నా తక్కువసేపు మెరిసే అరుదైన మెరుపులవి.

వెంటనే వెళ్ళి, "తప్పు నాదేనండి" అన్నాను.

"వీడియోను నమ్మారు, సంతోషం. నన్ను ఆనాడు ఒక్క ప్రశ్నయినా అడిగారా మాస్టారూ?"

కాగితం తీశాను. "ఇప్పుడు అడుగుతాను. చప్పుడు వినిపించిందా?"

"లేదు. వేళ్ళ చివర్లు మాత్రం నీలంగా ఉన్నాయి."

వీడియోలో ఆ చివర్లను ఎదురింటి కొత్త వాటర్ ట్యాంకు కప్పేసింది. ఆమె మాట రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

"మళ్ళీ అనుమానమా?"

"కాదండి, ఇంకా చూడవలసి ఉందని గుర్తు."

"అయితే ఈసారి మేడ మీదికి నన్నూ పిలవండి. మీ కళ్ళద్దాలు మర్చిపోకండి!"