పొట్టి ప్రభ

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో, స్వామి కోసం వెదురుతో గోపురంలా కట్టే తమ ఊరి ప్రభే అన్నింటికంటే ఎత్తుగా లేవాలని వెంకటేష్ పట్టుబట్టాడు. దానికి పొడవాటి వెదురుబొంగులు కావాలి. అవి ఉన్నది ఊరి వెనక గట్టు వాలులో. సగం అతని పట్టా, సగం అతనికి పెద్దమ్మ వరసయ్యే కోటమ్మ పట్టా.

"స్వామి ప్రభకే గదా పెద్దమ్మా, ఇయ్యనంటావేంది?"

"ఎండినయ్యి ఏరుకోరా. పొదలన్నీ నరికితే కిందున్న నా చేను ఏంగాను?"

"చూశారంట్రా! ఏటా కొండకు నడిచిపోయే మనిషి. బొంగుల కాడికొచ్చేసరికి భక్తి బయటపడింది!"

వెంకటేష్ వెంట వచ్చిన కుర్రాళ్లందరూ నవ్వారు. ఆ మాట కోటమ్మకు ముల్లులా దిగింది.

వెంకటేష్ తన వైపు పొదలు నరికించి, వేళ్లతో సహా దుబ్బులు కూడా పెళ్లగించి, మిర్చి వేయడానికి వాలంతా దున్నించాడు. ప్రభ లేచింది. చూసినవాళ్ల మెడలు పట్టేశాయి. కోటమ్మ కొండెక్కి స్వామి ఎదుట నిలబడింది. "తండ్రీ, నీకియ్యకుండా దాచుకున్నానా, నీదే నీకు కాపలా కాస్తున్నానా? నాకు తెలియడం లేదు." గంట కొట్టి కొండ దిగింది.

ఆశ్వయుజంలో వాన తెరిపివ్వకుండా కురిసి తెల్లారేసరికి ఆగింది. కోటమ్మ కుచ్చెళ్లు ఎగదోపుకుని చేనికి పరుగెత్తింది. వెంకటేష్ వాలు నిండా గండ్లు. పైమట్టి మిర్చి మొక్కలతో సహా కింది డొంక దారిలోకి కొట్టుకుపోయి రాళ్లు తేలాయి. ఆమె వైపు మాత్రం, రాలిన వెదురాకుల మీదుగా నీళ్లు నిదానంగా, తేటగా జారుతున్నాయి. పొద మొదట్లో చెయ్యి పెట్టింది. వేళ్లు గంప అల్లినట్టు అల్లుకుని మన్నును పట్టుకున్నాయి. కింద చేను చెక్కు చెదరలేదు.

వెంకటేష్ తలొంచుకుని వచ్చాడు. "రెండు దుబ్బులియ్యి పెద్దమ్మా. మళ్లీ నాటుకుంటా."

"ఒరేయ్, అప్పుడు అంత లావున్న నోరు ఇప్పుడేమైంది?" అంటూనే గునపం అందించింది. "అంచునే తవ్వు. నడిమి పొద జోలికి పోమాక."

మరుసటి శివరాత్రికి ప్రభ ఎండిన బొంగులతోనే లేచింది. దారిలో పక్కూరి కుర్రాళ్లు పట్టుకున్నారు.

"ఏందిరా, మీ ప్రభ ఈసారి చానా పొట్టిదయిందే!"

కోటమ్మ మనసు చివుక్కుమంది. వెంకటేష్ ఏమంటాడోనని వెనక్కి తిరిగింది.

అతను మీసం మీద చెయ్యి వేశాడు. "సగమే తెచ్చాంరా. మిగతా సగం మా గట్టు మీద నిలబడుంది. మా పెద్దమ్మ నిలబెట్టింది. వచ్చి చూసుకోండి!"

కోటమ్మ కొంగు నడుముకు బిగించి, ప్రభ ముందు నడిచింది.