నాన్న బాత్రూం

లిఫ్టు బటన్ కాదు, మెట్ల కమ్మీ కాదు, మరెక్కణ్ణుంచి? రెండో అంతస్తులో మొదలైన జ్వరం నాలుగులో తేలింది. నిన్న ఐదుకొచ్చింది. ఎదురు వాటాల్లో ఒక్కరికీ తుమ్మైనా లేదు. దారం పట్టుకుని ఎక్కినట్టు ఈ వరస ఇళ్లనే వెతుక్కుంటూ వస్తోంది. ఆరో అంతస్తు అతనిది.

ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉన్న అమ్మ మొన్ననే ఇంటికొచ్చింది. ఇంకో జ్వరం తట్టుకోలేదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. అందుకే అతను కిటికీలన్నీ బిగించాడు. పాల ప్యాకెట్టు కూడా సబ్బుతో కడిగాడు. ఇంట్లో ఏదో మురుగు వాసనగా ఉందని గాలిని బయటికి తోసే వంటింటి ఫ్యాను ఆపకుండా తిప్పుతున్నాడు.

"నన్నూ ఓసారి నురగలో ముంచి ఆరెయ్యరా, నీకు నిశ్చింత" అంది అమ్మ.

అతనికి నవ్వు రాలేదు. చెల్లెలికి ఫోన్ చేశాడు. ఆమె ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తుంది. అంతా విని, జ్వరం మనుషుల వెంట కాక గొట్టం వెంట ఎక్కుతోందేమో అంది. ఆ వరస బాత్రూములన్నింటికీ మురుగు గొట్టం ఒకటే. తూము కింద గొట్టం వంపులో నిలిచే కాసిని నీళ్లే ఆ మురుగు గాలి ఇంట్లోకి రాకుండా అడ్డం. వాడకపోతే అవి ఎండిపోతాయి. కిటికీలు మూసి ఫ్యాను తిప్పితే ఆ గాలిని చేతులారా ఇంట్లోకి లాక్కున్నట్టే.

"అన్నయ్యా, నాన్న బాత్రూం తెరిచి ఎన్నాళ్లయింది?"

"దాని సంగతి వదిలెయ్."

"నేను వదిలేస్తా. గొట్టం వదలదు."

నాన్న అందులోనే జారిపడి మళ్లీ లేవలేదు. అప్పుడు వేసిన గడియ అది. తలుపుకడ్డంగా పాత పెట్టెలు పేర్చి, చోటు లేకే అని అందరికీ చెప్పాడు, తనకూ చెప్పుకున్నాడు. తలుపు తీస్తే నాన్న ఇంకా ఆ నేల మీదే ఉంటాడని భయం. నలభై దాటినవాడికి చంటిపిల్లాడి భయం.

కాలుకాలిన పిల్లిలా హాలంతా తిరిగాడు. అమ్మ దగ్గింది. ఒక్కసారే, పొడిగా. అతని కాళ్లు ఆగిపోయాయి.

ఫ్యాను ఆపాడు. కిటికీలు తెరిచాడు. పెట్టెలు ఒక్కొక్కటే జరుపుతుంటే అమ్మ చూస్తూ ఉంది. గడియ బిగుసుకుపోయింది, రెండు చేతులతో లాగాల్సొచ్చింది. లోపల చిలక్కొయ్యకి నాన్న తువ్వాలు అట్టకట్టి వేలాడుతోంది. కింద తూము నోరు ఎండి తెల్లబడింది.

వంటింట్లోంచి బకెట్టు నిండా నీళ్లు తెచ్చాడు. గొంతుక్కూర్చుని, ఎవరికో తాగిస్తున్నంత నెమ్మదిగా, తూములో పోశాడు.