రేవులో మొదటి పడవ

"ఆ రెండు సైకిళ్లూ తుడిచి పెట్టీవే, రేపు పెందలాడే బయల్దేరాల" అని దేవేంద్ర అరుగు మీంచి కేకేశాడు. నీలవేణి పాత చీరముక్క తీసుకుని కూర్చుంది. మొగుడి సైకిలు తళతళలాడించి, తన సైకిలు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. సీటు జానెడు పైకి లేచి ఉంది. ఎక్కితే తన కాళ్లు నేలకి ఆనవు.

"బావా, నా సీటెవరు ఎత్తీసినారు?"

దేవేంద్ర ఫోన్లోంచి తలెత్తలేదు. "హరిబాబుగారి సైకిలు పాడైపోనాది. సైకిలు క్లబ్బుకి పెద్దాయన, ఆయన లేకపోతే ఎలాగ? నీదిస్తానన్నాను. నువ్వు సామాన్ల ఆటోలో వచ్చీ, వంట సూసుకున్నట్టుంటాది. ఏటి కాడ నీ సైకిలు నీకిచ్చెస్తాం. ఏరు నువ్వే దాటుదువు గాని."

ఎంత సులువుగా అనేశాడు. ఏడాది కిందట అత్తగారు "పెళ్లైన దానికి సైకిలేటే, నలుగురూ నవ్వరా" అని వీధి వినేలా అన్నప్పుడు, "నవ్వినోళ్లని నవ్వనీ అమ్మా, నా యెనకాలే వస్తాది" అన్నది ఈ మనిషే. ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాది నడిపింది నీలవేణి. పొద్దున్నే వంట, క్యారేజీలు, అత్తగారి వేణ్ణీళ్లు అన్నీ ముగించి, కుళాయి వచ్చేలోగా అరసవల్లి దాకా తొక్కుకుని వచ్చేది. కళింగపట్నం సముద్రం దగ్గర మొదలై వంశధార పట్టుకుని ఒడిశా దాకా వెళ్లే ఈ సైకిలు యాత్ర దారి మొత్తం తను చెప్పిందే. ఏ ఊళ్లో ఎవరింట పడుకోవాలో, ఏ రేవులో పడవ దొరుకుతుందో క్లబ్బులో ఇంకెవరికి తెలుసు? ఆ ఏటి ఒడ్డున పుట్టింది తనే. చిన్నప్పుడు మగపిల్లలు సంతకని, జాతరకని ఇష్టమొచ్చినట్టు ఏరు దాటేవారు. ఆడపిల్లలు పెళ్లికూతుళ్లై తలొంచుకునే దాటేవారు. అవతల ఈశ్వరి మావుసి ఉంది, అమ్మ చెల్లెలు; అటువైపు పిన్నిని అలాగే పిలుస్తారు. "సైకిలు మీద వస్తన్నాను మావుసీ" అని ఫోన్లో చెబితే ఆవిడ చాలాసేపు నవ్వి, "రేవు కాడే నిలబడతానే, నా కళ్లతో సూడాల" అంది.

అత్తగారు వద్దన్నప్పుడు ఇంత నొప్పి లేదు. ఇప్పుడు రమ్మన్నవాడే చెయ్యి వదిలేశాడు. అయినా ఏటి కాడ ఇస్తానన్నాడు కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది. ఆడదాని మనసుకి సర్దుకోవడం ఒకరు నేర్పాలా?

సముద్రం ఒడ్డున అందరూ సైకిళ్లతో నిలబడితే ఫోటో తీసింది నీలవేణి. హిరమండలంలో పులిహోర తింటూ హరిబాబు, "ఒదినగారి సేతి వంట కోసమైనా ఏటా పెట్టుకోవాలండీ ఈ యాత్ర" అన్నాడు. దేవేంద్ర ఆ మెప్పు తనదైనట్టు ముసిముసిగా నవ్వాడు. ఆమె అడుగూ బొడుగూ ఊడ్చుకుని తిని, గిన్నెలు ఆటోలోకి ఎక్కించింది.

మర్నాడు పొద్దున్న భామిని దాటి, నీలవేణి పుట్టినూరి రేవుకి చేరారు. అవతలి ఒడ్డున మంచులో పసుపుపచ్చ చీర ఒకటి కనబడుతోంది, మావుసి. నీలవేణి పొయ్యి మీద ఉప్మా కలుపుతూ, "పానా ఇయ్యి బావా, సీటు దించుకుంటాను" అంది.

దేవేంద్ర గొంతు తగ్గించాడు. "సూడు, హరిబాబుగారు అవతల దాకా తొక్కుతానంటన్నారు. ఎలా కాదంటాను? ఆటో ఎలాగూ ఏరు దాటదు. నువ్వు అందులో ఎనక్కెల్లిపో. ఇంకోసారి మనిద్దరమే వద్దాం."

ఆమె ఉప్మాలో గరిటె తిప్పుతూనే ఉంది. మోసపోయానన్న మాట మొదటిసారి లోపల స్పష్టంగా వినిపించింది. ఎత్తిన సీటు చూసిననాడే తెలిసిన సంగతే, తెలియనట్టు నటించిందంతే.

మగవాళ్లు సైకిళ్లతో పడవ చుట్టూ మూగారు. పడవ నడిపే కూర్మయ్య గెడ నీళ్లలో గుచ్చి కదలకుండా నిలబడ్డాడు. "మా నీలేణి ఏదండీ? పొద్దుటి మొదటి పడవలో ఊరి ఆడపడుసు కాలెట్టాల. ఎట్టకపోతే నాను తొయ్యను. మా తాతలనాటి నుంచీ అంతే."

హరిబాబు చిరాగ్గా గడియారం చూసుకున్నాడు. దేవేంద్ర పొయ్యి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "ఒసే, ఒక్కసారొచ్చి కాలెట్టి దిగిపో. అంతే పని."

అంతే పని. తన వంట కావాలి, దారి కావాలి, సైకిలు కావాలి, ఇప్పుడు పాదం కూడా కావాలి. మనిషి మాత్రం అక్కర్లేదు.

నీలవేణి గరిటె పెట్టేసి లేచింది. ఆటోలోంచి పానా తీసింది. హరిబాబు చేతిలోంచి సైకిలు, వాన వస్తే ఆరేసిన బట్టలు తీసుకున్నంత మామూలుగా తీసుకుంది. మర వదులు చేసి, సీటు తన ఎత్తుకి దించి, బిగించింది. సైకిలు పడవలోకి ఎక్కించి, తనూ ఎక్కింది.

"తొయ్యి మావా" అంది.

కూర్మయ్య తోశాడు. దేవేంద్ర మోకాలి లోతు నీళ్లలోకి వచ్చి, "ఏటే ఇది? కాలెట్టి దిగిపొమ్మన్నాను గదా" అన్నాడు.

"దిగుతాను బావా" అంది నీలవేణి, పసుపుపచ్చ చీర వైపు తిరిగి. "అవతలొడ్డున."