కూసున్న తాటిచెట్టు

పొద్దు పొడవక ముందే లేసి, చెట్టెక్కే మోకు భుజాన ఏసుకొని తాటివనం దిక్కు నడుసుడు సైదులుకు పద్దెనిమిదేండ్ల అలవాటు. పోయిన వానకాలం సంది మాత్రం లేస్తుండు, గోడకు వేలాడే మోకు దిక్కు చూస్తుండు, మళ్ల అరుగు మీద కూలబడుతుండు. వానకు నానిన చెట్టు మొదట్ల జారి కుడికాలి చీలమండ మెలిపడ్డది. బొక్క ఇరిగితే నయముండు, ఎప్పుడో అతుక్కునేది. ఇది ఇరగలేదు, మానలేదు. అత్తగారింట్ల తిష్టేసిన అల్లుని తీర్గ ఆర్నెల్లు కూసుంది. పొద్దుగాల నొప్పి పోయినట్టే ఉంటది, పది అడుగులేస్తే నేనున్న అంటది.

నయాపైసలు వచ్చిన ఏడు అది. ఊరు మోత్కూర్‌కు ఆలేరుకు నడుమ. ఆ ఊర్ల కల్లు గీసే గౌండ్లోళ్లకు ఒక కట్టు ఉన్నది. ఎవరి వరుస చెట్లు వాళ్లయే, కాదనెటోడు లేడు. కానీ కాటమయ్య దేవుని పండుగ నాడు ఎవడి చెట్టు వాడెక్కి దించిన కల్లు దేవుని ముంగట పొయ్యాలె. పొయ్యనోని వరుస ఇంకొకనికి పోతది. సైదులుకు పన్నెండు చెట్లు. గుంటెడు భూమి లేదు, ఇంకో పని రాదు. గీయకపోతే గెలలు ఎండుతయని ఆర్నెల్ల సంది అతని వరుసను ఐలేశం గీస్తుండు. ఐలేశం చెడ్డోడేం కాదు. సగం కల్లు తెచ్చి సైదులు ఇంట్ల దించి పోయేటోడు. అయితే చేతికి అలవాటైన చెట్లాయె, కన్ను పడకుంట ఉంటదా?

పండుగ ఇంక ఇరవై రోజులున్నదనంగ సైదులు పెండ్లాం హనుమమ్మ పోరు పెట్టి మోత్కూర్‌ల మాలీషు చేసే ఖాసిం దగ్గరికి పంపింది. ఖాసిం నూనె రాసి, వేలితోటి చీలమండ సుట్టూత నొక్కి సూసి, నవ్విండు.

“నొప్పున్నన్ని దినాలు పండుకుంటవు. నొప్పి తగ్గంగనే ఆకాశమంత చెట్టెక్కుత అంటవు. కాలుకు నమ్మకం ఎట్ల కుదురుతది భాయ్? ఇయ్యాల మూరెడు ఎక్కు. రేపు రెండు మూరలు.”

సైదులుకు ఒళ్లు మండింది. మూరెడు తాటిచెట్టు లోకంల ఏడన్న ఉన్నదా అని తొవ్వ పొడుగూత గొణుక్కుంట ఇల్లు చేరిండు.

తెల్లారి పోయి చూస్తే అతని వరుసల మొదటి చెట్టు కూసున్నది. మొద్దంత భూమిలకు దిగి, నెత్తి మీది మొవ్వ నేలకు మూరెడెత్తున పెట్టుకొని, మట్టలు గడ్డి మీద పరుసుకొని నిమ్మలంగ కూసున్నది. ఊరు దీన్ని పెద్దగ పట్టించుకోలేదు. మేకలు మట్టలు నములుతున్నయని హనుమమ్మ సుట్టూ ముండ్ల కంప నాటింది. గిజిగాళ్ల గూళ్లు గడ్డికి తాకబట్టె, అవి మాత్రం పొద్దంత తిట్టినయి. గౌండ్లోళ్ల పెద్ద ఎల్లస్వామి అటుకెల్లి పోతా, కింద పచ్చిగున్నది, కాలు పైలమని చెప్పి పోయిండు.

మూరెడు ఎక్కెటందుకు సైదులు మోకు బిగించిండు, కాళ్లకు గుజి తాడు ఏసుకున్నడు, నడుముకు కత్తి కట్టిండు. సిగ్గుతోటి సచ్చిపోయిండనుకోండ్రి. ఒక్క గుంజుడుకు మొవ్వ అందింది. ఆ ఒక్కదానికే చీలమండ పొద్దుమూకే దాక సలిపింది. రెండోనాడు చెట్టు ఇంకో మూర లేసింది. మూడోనాటికి సలుపు పగటియాల్లకే పోయింది. పదోనాటికి పది మూరలెక్కి, ఈలేసుకుంట దిగిండు.

గంతల ఊకున్నడా? పదకొండోనాడు కల్లు తాగే మండువల ఎవడో, సైదులు చెట్టయితే చంటిపోరలు గూడ గీస్తరని నవ్వింది చెవుల పడ్డది. గౌండ్లాయన ఏమన్న పడతడు గని ఎక్కుడు రాదంటే పడతడా? పక్కనున్న నిండు చెట్టుకు మోకేసి జరజర ఎక్కిండు. ఎక్కుడైతే ఎక్కిండు, దిగేటప్పుడు నడిమిట్ల కాలు సచ్చుబడ్డది. చెట్టును కౌగలించుకొని కండ్లు మూసుకున్నడు. ఐలేశమే ఎక్కి, కాలు పట్టి ఒక్కొక్క జాన దించుకొచ్చిండు.

చీలమండ వెలక్కాయంత అయింది. మూడు రోజులు అరుగు దిగలేదు. నాలుగోనాడు కుంటుకుంట పోతే చెట్టు మళ్ల మూరెడెత్తున కూసోని ఉన్నది. దాన్ని చూడంగనే సైదులు నెత్తి పట్టుకున్నడు.

“చెట్టుకున్న ఓపిక నీకు లేకపాయె,” అన్నది హనుమమ్మ. ఆమెకు గూడ ఏడుపొస్తుండె.

మళ్ల ఒకటి, రెండు, మూడు. పండుగ రానే వచ్చింది. ఆనాటికి చెట్టు ఆరు మూరలే లేసింది. గౌండ్లోళ్లందరు కొత్త పంచలు కట్టుకొని సుట్టూత నిలబడ్డరు. ఆరు మూరలెక్కుడు ఒక ఎక్కుడా పెద్దయ్యా, అని ఐలేశం నేల చూసుకుంటనే అడిగిండు. ఎల్లస్వామి కాదంటే సైదులు కడుపు కొట్టినట్టయితది, అవునంటే కట్టు తప్పినట్టయితది.

సైదులు మిగతా పదకొండు చెట్ల దిక్కు చూసిండు. నిండుగ, నిటారుగ ఉన్నయి. నెత్తురు ఉడికింది. ఒక్క దమ్ము పట్టి ఎక్కితే ఎవ్వడు నోరెత్తడు. హనుమమ్మ మొఖం చూసిండు. మెల్లగ మోకు తెచ్చి కూసున్న చెట్టుకే ఏసిండు.

“నాకు ఇయ్యాల ఆరు మూరలే అస్తది పెద్దయ్యా. గంతే ఎక్కుత. వరుస పోతదంటే పోనీ.”

తల ఎత్తకుంట మొదలుపెట్టిండు. ఎడమకాలు మోపుడు, కుడికాలు సాపుగ ఆనిచ్చుడు, ఊపిరి ఇడుసుడు, మోకు పైకి జరుపుడు. ఒకటి. రెండు. ఆరోసారి మొవ్వ కోసం చెయ్యి సాపితే మొద్దే తగిలింది. లెక్క తప్పిందనుకున్నడు. ఇంకోసారి జరిపిండు, మళ్ల మొద్దే. అతడు ఎంత ఎక్కితే చెట్టు అంత లేస్తున్నది, తొందర పెట్టకుంట, ఎనుకబడకుంట. కిందున్నోళ్లు తలలెత్తి, మెడలు నొయ్యంగ చూస్తున్నరు. చెట్టు వరుసల ఉన్న మిగతా చెట్లను దాటినంక ఐలేశం తన మోకు భుజానేసుకొని తన వరుస దిక్కు నడిసిపోయిండు.

సైదులు చేతికి మట్ట తగిలింది. గెల గీసిండు, కల్లుతోటి నిండిన లొట్టి నడుముకు తగిలించుకున్నడు, అప్పుడు చూసిండు. హనుమమ్మ గురిగింజంత ఉన్నది. చెరువులు దాటి, గుట్టలు దాటి, ఆలేరు దిక్కు పోయే రైలు పొగ సన్నంగ సాగుతున్నది. ఆర్నెల్ల సంది చూడని పొగ. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

కిందికెల్లి ఎల్లస్వామి చేతులు నోటికి అడ్డం పెట్టి అడిగిండు. “ఓ సైదులూ, కాలు ఎట్లున్నదిరా?”

సైదులు వంగి తన పాదాలు రెండూ ఎగాదిగా చూసుకున్నడు.

“ఏ కాలు, పెద్దయ్యా?”