పర్మిట్ కాదు, అడ్మిట్

విచారణ గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడడం లేదు. బల్లకు ఆ చివర కూర్చున్న కాపలాదారు టోపీని ఒళ్లో పెట్టుకుని నలుపుతున్నాడు. నాలుగు రోజుల క్రితం, ఫ్యాక్టరీలో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన కూలీ విషవాయువు పీల్చి ఆసుపత్రి పాలయ్యాడు. ఇంకా కళ్లు తెరవలేదు. ఆ కూలీ ఈ కాపలాదారుకు స్వయానా బావమరిది.

విచారణాధికారికి తెలుగు రాదు. అందుకే దుబాసీని పిలిపించారు. నిన్న కాపలాదారు చెప్పిందంతా ఇంగ్లీషులో రాసిచ్చింది ఆమే. ఇవాళ ఆ కాగితం మీద అతను సంతకం పెట్టాలి.

అధికారి చదువుతూ మూడో వాక్యం దగ్గర ఆగాడు. పర్మిట్ చేశానని తనే అన్నాడు కాబట్టి, ట్యాంకులోకి దిగడానికి అనుమతిచ్చింది కాపలాదారేనని తేల్చేశాడు.

దుబాసీ ఆ కాగితం మీదికి వంగి చూసింది. నిన్న అతను అన్నది, "గేటు తాళం తీసి లోపలికి పంపాను" అని. ఇంటికెళ్లే తొందరలో ఆమె పర్మిట్ అని రాసి పడేసింది. కాలేజీలో మేష్టారు నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేవారు: అడ్మిట్, పర్మిట్, కమిట్, ఒమిట్, అన్నీ లాటిన్‌లో 'పంపడం' అనే ఒక్క మాట కడుపున పుట్టినవే, ముఖాలు కలిశాయి కదా అని అన్న చేసిన తప్పుకి తమ్ముడి చెవి మెలిపెట్టకండి అని. అప్పుడు క్లాసంతా నవ్వింది.

అధికారి పక్కనే ఉన్న ఫ్యాక్టరీ ఇంజనీరు కలం మూత తీసి కాపలాదారు ముందుకు జరిపాడు.

"పెట్టమంటారా మేడం?" అని కాపలాదారు ఆమెను అడిగాడు.

ఆమె నోరు విప్పితే తన ఉద్యోగానికే ఎసరు.

"ఆగన్నా. పెట్టకు."

అధికారి వైపు తిరిగి, తప్పు తనదేనని చెప్పింది. అక్కడ ఉండాల్సిన మాట అడ్మిట్, అంటే లోపలికి రానిచ్చాడని మాత్రమేననీ, అనుమతి సంగతి అతను ఎత్తనేలేదనీ వివరించింది. రెండూ ఒకటేనని ఇంజనీరు విసుక్కున్నాడు. మాటల గొడవతో పొద్దుపుచ్చొద్దన్నాడు.

"ఒకటి కాదు సార్. తాళం తీసినవాడు వేరు, దిగమన్నవాడు వేరు."

అధికారి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే అడగండి. దిగమన్నదెవరు?"

ఆమె అడిగింది. కాపలాదారు ఇంజనీరు వైపు చూడకుండా, చొక్కా జేబులోంచి నాలుగు మడతల చీటీ తీశాడు.

"ట్యాంకులోకి మనిషిని దింపమని ఇంజనీరు సారు సంతకం పెట్టిచ్చిన చీటీ ఇది. అడక్కుండా చూపిస్తే ఉద్యోగం ఊడుతుందని ఊరుకున్నాను మేడం."

ఈసారి ఆమె ఒక్కో మాటా ఆచితూచి తర్జుమా చేసింది. అధికారి చీటీ చదివి, ఇంజనీరును బయట కూర్చోమన్నాడు. ఆ సాయంత్రమే ఆమె చేత సంజాయిషీ రాయించుకుని, విచారణ నుంచి తప్పించారు.

వారం తర్వాత కాపలాదారు ఫోన్ చేశాడు. బావమరిదికి తెలివొచ్చిందట.

"కళ్లు తెరవగానే వాడడిగింది, 'బావా, నా ఉద్యోగం ఉందా?' అని, మేడం. ఉందిరా, పడుకో అన్నాను."