తీసేసిన బ్రాకెట్లు

ఛీ, ఈ కప్పు అంచున ఎవరి పెదవి మరకో, ఆఫీసు కప్పులకు ఎంత తోమినా పాచి వాసన పోదు, తోమడానికి ఇవాళ నీళ్లు కూడా లేవాయె, ఊళ్లో సగం పంపులు ఎండిపోయాయి, తెర మీద మాత్రం ఏడో ట్యాంకులో పది అడుగులని పచ్చగా వెలుగుతోంది, నిన్న సాయంత్రం నిండా పది ఉండేది, రాత్రి అయిదు వాడారు, పొద్దున అయిదు వాడారు, వేళ్ల మీద లెక్కేసినా సున్నా, ఆ పదిని నమ్మే కదా నీళ్లు ఎక్కించేవాళ్లు మోటార్లు ఆపుకుని కూర్చున్నారు, మళ్లీ అత్తగారి ఫోను, అమ్మాయ్, సింకులో గిన్నెలు కంపు కొడుతున్నాయి, మీ కంప్యూటర్లో బోలెడు నీళ్లున్నాయట కదా, దాన్నే ఇంటికి తెచ్చి పిండరాదూ, ఆ కంపు ఫోనులోంచే వచ్చినట్టు ఆమె ఫోను బోర్లా పెట్టేసింది.

అంతా ఆఫీసులో ఆ పెద్దాయన, ఆ బ్రాకెట్ల బాబాయి నిర్వాకమే, ట్యాంకుల ప్రోగ్రాం ఆయనది, ఎక్కడ చూసినా బ్రాకెట్లే, ఎండాకాలం పిల్లలకు స్వెట్టర్లు తొడిగినట్టు, పైగా చొక్కా మీద సిరా మరకలు, కీబోర్డు సందుల్లో బిస్కెట్ పొడి, మూడింటికి ఆయన్ని పిలిచాను అన్నాడు మేనేజరు, తప్పెక్కడుందో నువ్వు చూపిస్తే చాలు, ఇక ఆ పని ఆయన చేతిలో ఉండదు, ఆమె సరేనంది, ఎంత తొందరగా అంది, ఇంకా ఇరవై నిమిషాలుంది, నలభై ట్యాంకుల లెక్కనూ ఒక్కసారిగా తేల్చే వరుస అది ఒక్కటే, పదిలోంచి అయిదు, అయిదు, దానికేం రోగం, ఈ ప్రోగ్రాం రాసిన భాష లెక్కను కుడివైపు నుంచి మొదలెడుతుంది, ముందు అయిదులోంచి అయిదు పోయి సున్నా, పదిలోంచి ఆ సున్నా పోయి పది, అయ్యో, ఎడమవైపు ముందు తేలాలంటే అక్కడ బ్రాకెట్లుండాలి, వాటిని పెట్టకుండా ఎలా ఉన్నాడీయన, పెట్టకుండా ఉండే మనిషేనా.

పాత ప్రతి తెరిచింది, ఉన్నాయి, నిక్షేపంగా ఉన్నాయి, కిందటి నెల వాటిని తీసేసినట్టు, ఆ మార్పును నిన్న సాయంత్రం ట్యాంకుల ప్రోగ్రాంలోకి ఎక్కించినట్టు, పక్కన పేరు, తనదే, కుడివైపు బ్రాకెట్లు నిజంగానే దండగ, ఆ ఊపులో ఎడమవి కూడా ఊడ్చేసింది, పొద్దుటి వాడకం సున్నా ఉన్న రోజుతో పరీక్షించి సరిగ్గా ఉందని చేతులు దులుపుకుంది, ఆ రోజు బాబాయి వచ్చి, కాసిని ఉండనీ అమ్మా, ఇది మన లెక్కల మాస్టారి మాట వినదు అంటే, మీ చాదస్తం నాకెందుకు బాబాయ్ అని నవ్వింది, ఆయనా నవ్వాడు, ఎంత మర్యాదగా నవ్వాడు, కప్పు మీది మరకను మళ్లీ చూసింది, ఇది తను పొద్దున పూసుకున్న రంగే.

తలుపు దగ్గర అడుగుల చప్పుడు, సిరా మరకల చొక్కా, కాగితాల కట్ట, ఏమ్మా, నా తప్పు దొరికిందా, పని అప్పగించడానికి ముందే తయారై వచ్చాలే అన్నాడు బాబాయి, తను ఇప్పుడు బ్రాకెట్లు పెట్టేసి నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, ట్యాంకులు సాయంత్రానికి నిండుతాయి, ఆయన కుర్చీ ఖాళీ అవుతుంది, ఆమె లేచింది, రండి బాబాయ్, మేనేజరు గదికి ముందు నేను వెళ్తాను అంది, యంత్రం కుడి నుంచైనా మొదలెట్టి లెక్క చేసింది, తను మాత్రం జవాబు ముందే రాసిపెట్టుకుని లెక్క మొదలెట్టింది.