తాడు లేని డిప్ప

రాజశ్రీకి ఎవరినీ ఒక పట్టాన నమ్మే అలవాటు లేదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారి కూతురు. పైన మంచి పాయలు, అడుగున కుళ్ళినవి పోసిన బస్తాలు చూస్తూ పెరిగింది. అలాంటి మనిషి, నాలుగేళ్ళుగా తనచేత పీహెచ్‌డీ చేయిస్తున్న జయకృష్ణగారిని మాత్రం ఒక్కనాడూ అనుమానించలేదు.

వట్లూరు కాలేజీలో ఆయన ఆమె చేతిలో పెట్టింది ఒక నల్లటి తాబేటి డిప్ప. కొల్లేటికోటలో వెంకట్రాజు చేపల చెరువు తవ్విస్తుంటే ఎనిమిది అడుగుల లోతున దొరికిందట, వేల ఏళ్ళనాటి శిలాజమట. మన మంచినీటి తాబేళ్ళలో లిస్సెమిస్ అనే ప్రజాతికి ఒక గుర్తుంది: డిప్ప వెనక అంచున చిన్న చిన్న ఎముక బిళ్ళలు వరసగా ఉంటాయి. ఈ డిప్పకి అవి లేవు. అవి రాలిపోలేదు, అసలు మొలవనేలేదు, ఇది ఆ ప్రజాతికి పూర్వరూపం అని జయకృష్ణగారి వాదన. అంచున ఉన్న రెండు రంధ్రాలు మొసలి పళ్ళ గాట్లట. రాజశ్రీ థీసిస్ అంతా ఆ వాదన మీదే నిలబడి ఉంది. సోమవారంనాడు, డిప్ప ఎక్కడ దొరికిందో రాసి ఆమె సంతకం పెట్టాలి.

రంధ్రాలు రెండూ మరీ గుండ్రంగా ఉన్నాయి. మొసలికి అంత పొందిక ఎక్కడిది? వెంకట్రాజే ఏదో మాయ చేసి సారుకి అంటగట్టాడని ఆమెకి గట్టిగా అనిపించింది. శనివారం పొద్దున్నే డిప్పని సంచిలో పెట్టుకుని కొల్లేటికోట వెళ్ళింది.

వెంకట్రాజు కుర్చీ వేశాడు, టీ ఇప్పించాడు, డిప్ప వైపు మాత్రం చూడలేదు. ఏ చెరువులో దొరికిందని అడిగితే సారు ఎలా చెబితే అలాగేనండీ అన్నాడు. ఎంత లోతున అంటే అదీ సారుకే తెలుసన్నాడు. దొంగ దొరికాడని రాజశ్రీ లోలోపల సంబరపడింది. తాబేళ్ళ జోలికి వెళితే ఫారెస్టువాళ్ళు కేసు పెడతారని అతని భయమని ఆమెకి తెలియదు.

ఈలోగా అతని తల్లి నాగవల్లి వచ్చి డిప్పని చేతిలోకి తీసుకుంది. నీళ్ళు తోడి పారబోస్తున్నట్టు గాలిలో ఒక్క విసురు విసిరింది.

"ఇది మా తాటిదోనెలో నీళ్ళు తోడేదండీ. మా మావగారి కాలంనాటిది. దోనె అడుగున గీకీ గీకీ ఈ వెనకంచు ఇలా అరిగిపోయింది."

రాజశ్రీ వంగి ఆ అంచుని చూసింది. భూతద్దం పెట్టి వందసార్లు చూసిన అంచే అది. సారు మాట ముందే చెవిలో పడింది గనుక అది అరుగుదల అని తట్టనే లేదు. పాపం, ఆయన్ని కూడా వీళ్ళు మోసం చేశారే అని జాలిపడింది.

నాగవల్లి రంధ్రాల్లో వేలు పెట్టి వెతుక్కుంది.

"తాడేదండీ? నీళ్ళలో పడిపోకుండా దోనెకి కట్టుకునే తాడు. మీ సారు ముచ్చటపడి అడిగి పట్టుకెళ్ళినప్పుడు దీనికే ఉంది."

రాజశ్రీకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. అడుగు చూడకుండా ఆమె తీసుకున్న బస్తా అదొక్కటే. ఇంతలో జయకృష్ణగారి ఫోను వచ్చింది. సంతకం ఇవాళే పెట్టేస్తే పనైపోతుంది కదమ్మా అన్నాడు.

"పెడతాను సార్. దీని తాడు ఎక్కడ పెట్టారండీ?"